దేవదానం కారు కోసం వాకాడు తీరానికి

ఈ బ్లాగులో ఇంతవరకూ నేను రాసినవన్నీ తిండి కోసమో, గాలి మార్పు కోసమో చేసిన ప్రయాణాలు. ఈసారి వెళ్లింది ఒక ఇనుప ముక్క కోసం. నా భర్త దేవదానం ఏడాది కిందట పోయాడు. అంతకుముందు ఆరేళ్లపాటు, ఆదివారం చర్చి నుంచి రాగానే పాత ప్యాంటు తగిలించుకుని, నెల్లూరులో మేం అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డులో దూరి ఒక పాత కారుని బాగుచేసేవాడు. నేను దాన్ని సవతి అనేదాన్ని. ఆయన నవ్వి, "నీ సవతికి సీటు కవర్లు కుట్టిపెట్టు సలోమీ" అనేవాడు. నాది టైలరింగ్ షాపు. కారు ఒక్క అడుగు కదలకముందే సీటు కవర్లు కుట్టించుకున్న ఘనుడు మా ఆయన. ఒక ఆదివారం ఆ షెడ్డులోనే ఆయనకి గుండెపోటు వచ్చింది. మొన్న నవంబరులో షెడ్డు యజమాని దాన్ని పడగొట్టి దుకాణాలు కట్టుకుంటానని, డిసెంబరు నెలాఖరుకి ఖాళీ చెయ్యమని చెప్పాడు. కారుని పాత ఇనుము వాళ్లకి వేసెయ్యమని చుట్టాలందరూ ఒకే మాట అన్నారు. వేసేద్దాం, నాకేం అనుకున్నాను. కానీ అంతకుముందు ఆ ఇంజిన్ ఒక్కసారి మోగాలి. ఆరేళ్లు ఆయన వినాలనుకున్న చప్పుడు నేనైనా వినాలి. నాకు కావలసింది అంతే.

ఆ కారు ఏ కంపెనీదో ఎవరికీ తెలీదు. నాయుడుపేట దగ్గర మూతపడ్డ ఒక రైసు మిల్లులో, చిరిగిన గోనెసంచుల గుట్ట వెనక దొరికింది. ముందు పేరు ఉండాల్సిన చోట నాలుగు చిన్న బెజ్జాలున్నాయి, పేరు లేదు. తలుపులు అన్ని కార్లకీ తెరుచుకునే వైపు తెరుచుకోవు. పై రేకంతా సుత్తితో కొట్టి వంచింది, లోపల టేకు చట్రం. ఆ చట్రం అతుకుల్లో దూది కూరి, మీద నల్లటి జిగురేదో పూసి ఉంది. కారుకి ఇదేం ఖర్మ అని ఇద్దరం నవ్వుకునేవాళ్లం. పాత కార్లు పోగేసే పెద్దమనుషులకి దేవదానం ఫొటోలు పంపితే, ఇలాంటిది ఇంకోటి ఎక్కడా చూడలేదని, ఎవరు చేశారో తమకీ అంతుబట్టలేదని రాశారు. ఇంజిన్ మీద గుర్తులు కూడా అరిగిపోయాయి. అది రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. ఒక్కో సిలిండర్ మీద మూతలా కూర్చునే బరువైన ఇనుప దిమ్మ ఒకటి ఉంటుంది, దాన్ని హెడ్డు అంటారు. రెండు హెడ్డుల్లో ఒకటి పగిలిపోయింది. వెల్డింగు పెట్టిస్తే వేడికి మళ్లీ విచ్చుకుంది. ఇంకోటి వెతుక్కోవాలంటే అసలది ఏ ఇంజినో తెలియాలి కదా, అక్కడే ఆరేళ్లు గడిచిపోయాయి.

అది తెలిసింది ఆ నవంబరులోనే. మస్తాన్ భాయ్ ఇంజిన్ మెకానిక్, దేవదానానికి ప్రాణస్నేహితుడు. ఆ ఆదివారాలన్నీ ఆయన పక్కనే కూర్చుని టీలు తాగినవాడు. షెడ్డు ఖాళీ చెయ్యాలనగానే తనే వచ్చి ఇంజిన్ మళ్లీ విప్పాడు. నీళ్లు తిరిగే దారులు గీకుతుంటే తెల్లటి పొక్కు రాలింది. సున్నం అన్నాడు. నేను ఊరికే ఉండలేక వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. కారు ఇంజిన్లోకి ఉప్పునీళ్లు ఎలా వస్తాయి? మస్తాన్ భాయ్ చేతిలో స్పానర్ కింద పెట్టి, "ఇది పడవ ఇంజిన్ వదినా! అన్న ఇన్నాళ్లూ కార్లోళ్లని అడిగినాడు" అన్నాడు. ఆ మాటకి నాకు సంతోషం రాలేదు, ఏడుపొచ్చింది.

అలా డిసెంబరులో ఒక శనివారం షాపు మూసి, మస్తాన్ భాయ్‌తో బయల్దేరాను. ముందురోజు నుంచీ అల్పపీడనం, ముసురు వదలలేదు. బస్టాండు ఎదురుగా కారం దోసె తిని, ఏడింటికల్లా ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం వెళ్లే పల్లెవెలుగు ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి టికెట్ లేదు, మర్చిపోకుండా పెట్టుకోండి. "నీకేం వదినా, గవర్నమెంటు మోస్తా ఉండాది. నేనేం పాపం చేసినా?" అని మస్తాన్ భాయ్ గొణుక్కుంటూ చిల్లర తీశాడు. దారిలో గంటసేపు రొయ్యల గుంటలు, బొగ్గు లారీలు తప్ప చూడటానికేం లేదు. కరెంటు ప్లాంటు పొగగొట్టాల పైభాగం మబ్బులో కలిసిపోయి, సగం కట్టి వదిలేసినట్టు కనబడింది.

పోర్టు దగ్గర పాత ఇనుము దుకాణాలు వరసగా ఉంటాయి. మూడు దుకాణాల్లో అడిగాం. మూడో దుకాణం ఆయన ఫోన్లో ఇంజిన్ ఫొటో చూసి పెదవి విరిచాడు. "ఈ రకం ఇంకేడుంటాయి భాయ్? అన్నీ కొలిమికి పోయినాయి. ఇప్పుడంతా కొత్త మోటార్లే. వాకాడు దాటినాక సముద్రం పక్క పాలేల్లో అడగండి, ఆడ పాత పడవలు కొన్నిటిని కదిలించకుండా పెట్టుకుంటారు" అన్నాడు. ఎందుకు కదిలించరో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. అప్పుడే అడిగి ఉండాల్సింది.

పోర్టు నుంచి గూడూరు వైపు కంపెనీ బస్సులే ఎక్కువ, వాటిలో మనల్ని ఎక్కించుకోరు. మామూలు బస్సు కోసం కాచుకునే ఓపిక లేక షేర్ ఆటో ఎక్కాం, మనిషికి ఎనభై తీసుకున్నాడు. గూడూరు బస్టాండులో వాకాడు బస్సు దొరికింది. కోట మీదుగా వెళ్తుంది, గంట పైనే పడుతుంది. వాకాడులో దిగేసరికి ఒంటిగంట దాటింది. చేపల పులుసు తిందామని మెస్సులోకి వెళ్తే, వండే ఆమె గరిటె ఊపుతూ, "చేపలేడివమ్మా? నాలుగు రోజులుగా ఏటకి పొయ్యొద్దని చెప్పేసినారు. గుడ్డు పులుసుండాది, తింటే తినండి" అంది. తిన్నాం. అక్కడి నుంచి పాలేనికి ఆటో, రానూ పోనూ నాలుగొందలు. "సముద్రం చూడనీకా? ఈ ముసుర్లో ఏముంటాది, బురద రంగు తప్ప" అన్నాడు డ్రైవరు. మస్తాన్ భాయ్ ఇంజిన్ సంగతి చెప్తే, "మంచిది పోండి" అని మాత్రం అన్నాడు.

ఆ పాలెం పేరు ఇక్కడ రాయడం లేదు, రాయొద్దని నాకు చెప్పారు. సరుగుడు తోపు దాటగానే ఇసుక. వేట లేదు కాబట్టి పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి, అన్నిటి ముందు భాగాలూ సముద్రం వైపే. మగవాళ్లు కొందరు పట్టా కింద కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. వాటన్నిటికీ దూరంగా, తోపు పక్కన, ఒకే ఒక్క పడవ ఊరివైపు తిరిగి ఉంది. దాని వెనక భాగంలో నీలం పట్టా కప్పి తాళ్లతో కట్టారు. మస్తాన్ భాయ్ పట్టా అంచు ఎత్తి చూశాడు. "వదినా, ఇదే!" అన్నాడు. అచ్చంగా మా ఇంజినే. రెండు హెడ్డులూ బాగున్నాయి. ఆయనకొక అలవాటుంది. ఎక్కడ పాత ఇంజిన్ కనబడినా, బిగుసుకుపోయిందో లేదో తెలుసుకోవడానికి ఇంజిన్ పక్కనుండే బరువైన చక్రం మీద చెయ్యేసి తిప్పుతాడు. ఇప్పుడూ తిప్పాడు. ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి నిలబడిపోయిన ఇంజిన్ కదలకూడదు. అది కదిలింది. లోపల్నుంచి బుస్సుమని గాలి వదిలింది.

వలల దగ్గర కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. మస్తాన్ భాయ్ మొహం వెలిగిపోతోంది, అతనికి ఇదేమీ కనబడలేదు. "ఎంతకిస్తారన్నా?" అని అరిచాడు. నలభై ఐదేళ్లుంటాయేమో, ఒకాయన నడిచొచ్చి మెల్లిగానే అన్నాడు.

"చెయ్యి తియ్ భాయ్. ఇది మా అన్న పడవ. మనిషి తిరిగి రాకపోతే, వాడి పడవని ఊరి పక్కకి తిప్పి పెడతాం. దీన్ని అమ్మేది లేదు, విప్పేది లేదు. దీని ఇనుము ఇంకో పడవకి ఎక్కిచ్చేది లేదు. మీకు తెలీదు, సరే. పోండి."

ఆయన పేరు పోలయ్య. మస్తాన్ భాయ్ రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపోయిందన్నా. చేతికి అలవాటు, అడక్కుండా తిప్పేసినా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వెనక్కి తిరగబోతుంటే దగ్గర్లోని ఇంట్లోంచి ఒకామె తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చింది. ఆమె కామాక్షమ్మ, ఆ పడవ మనిషి భార్య. ఆ బుస్సుమన్న చప్పుడు ఆమెకి ఇంట్లోకి వినబడిందట. మా ఇద్దరినీ ఒకసారి చూసి, పట్టా సరిచెయ్యడం మొదలుపెట్టింది. మస్తాన్ భాయ్ ఉండబట్టలేక అడిగాడు. "అమ్మా, ఏమనుకోవాకు. ఇన్నేళ్లకి ఇది బిగుసుకుపోవాల గదా. ఎట్టా తిరిగింది?"

"నెలకోసారి ఆయిలు పోస్తా. తుప్పు పడితే ఆయనకి గిట్టదు" అంది ఆమె.

పోలయ్య చటుక్కున తన వదిన వైపు చూశాడు. ఆ సంగతి అతనికీ తెలీదని అప్పుడర్థమైంది. వాన కాస్త పెరిగింది. ఆమె మమ్మల్ని ఇంటి ముందు పందిరి కిందికి రమ్మంది, పోలయ్య కూడా వచ్చాడు. ఎందుకొచ్చామని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కారు సంగతి, ఆదివారాలు, షెడ్డులో గుండెపోటు, నెలాఖరు గడువు అన్నీ. సీటు కవర్ల సంగతి కూడా దాచలేదు. అప్పుడు ఆమె తన సంగతి తనే చెప్పింది.

"ఆ పొద్దు ఒంటిగా పోయినాడు. సాయంత్రానికి రాలా. మా మరిది వాళ్లు ఎతకతా పోతే, పడవ ఒకటే చోట గుండ్రంగా తిరగతా ఉండిందంట, ఇంజిన్ ఆడతా. మనిషి లేడు. ఈళ్లు దాన్ని అట్నే నడుపుకుంటా ఒడ్డుకి తెచ్చినారు. ఈడ ఆడోళ్లం సద్దుని బట్టే చెప్తాం, ఎవురి పడవ వస్తా ఉండాదో. నాకు ఇంట్లోకి ఆ సద్దు ఇనబడింది. వచ్చేసినాడు అనుకున్నా. ఎసరు పెట్టినా. బియ్యం పోసి ఒడ్డుకి పోతే సుక్కాని కాడ పోలయ్య ఉండాడు."

పోలయ్య తల దించుకున్నాడు. "నేను ఇంజిన్ ఆపేసినా. మళ్లా దాన్ని ఎవురూ ఆడిచ్చలా" అన్నాడు.

మాట మార్చాలనో ఏమో, కారు ఎట్టుంటాదో చూపించమన్నాడు. ఫోన్ ఇచ్చాను. ఫొటోలు ఒక్కొక్కటీ జరుపుతూ చట్రం అతుకుల దగ్గర ఆగిపోయాడు. వేళ్లతో పెద్దది చేసి చూశాడు. "ఇది పడవ పనమ్మా. అతుకులో దూది కూరి గుగ్గిలం పూసినారు. లోపలికి నీళ్లు రాకుండా మేం చేసే పనే ఇది. పడవలు కట్టే వడ్రంగి ఎవురో చేసినాడు ఈ కారుని" అన్నాడు. దేవదానం ఆరేళ్లు తల బద్దలు కొట్టుకున్న ప్రశ్న అది. ఎవరి కోసం చేశాడో, ఎందుకు చేశాడో తెలీదు గానీ ఏ చేతులు చేశాయో తెలిసింది. గంతెయ్యాల్సిన మాట, కానీ ఆ మాటే మా కొంప ముంచేలా ఉంది. ఎందుకంటే పోలయ్య వెంటనే ఫోన్ తిరిగిచ్చి, "పడవోడు కట్టినాడు, పడవ ఇంజిన్ పెట్టినాడు. ఇది పడవ కాక ఏంది? దీనికీ ఎక్కిచ్చకూడదు" అనేశాడు.

కామాక్షమ్మ నన్నడిగింది. "ఇది నీళ్లలోకి పోతాదా?"

"పోదమ్మా."

"ఇంకేంది పోలయ్యా? రోడ్డు మీద పొయ్యేదాన్ని పడవంటే ఎట్టా?"

"అది కాదొదినా. మనం కట్టు తప్పితే రేపు ఏమన్నా అయితే..."

"ఇంకేం కావాల?" అందామె.

పోలయ్య పక్కకి జరిగి దారిచ్చాడు. ఆమె లేచి, హెడ్డు విప్పుకోమని మస్తాన్ భాయ్‌కి చెప్పి, వానలోనే పడవ దగ్గరికి నడిచింది. డబ్బు తియ్యడానికి మస్తాన్ భాయ్ చెయ్యి జేబు వైపు వెళ్తుంటే నేను మణికట్టు పట్టుకుని ఆపాను. ఒక్కో బోల్టూ విప్పుతున్నంతసేపూ ఆమె పక్కనే నిలబడి పట్టా ఎత్తి పట్టుకుంది. హెడ్డు తీసేశాక తెరుచుకున్న సిలిండర్ మీద పాత లుంగీ మడిచి కప్పింది. అది ఆయనదేనని ఎవరూ చెప్పక్కర్లేదు. పట్టా తాళ్లు తనే బిగించింది. హెడ్డు గోనెసంచిలో పెట్టి ఆటో ఎక్కబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అడిగింది. "ఇంజిన్ మోగిన రోజు ఫోన్ చెయ్యక్కా, ఇంటా. ఆ పొద్దు నన్నడక్కుండా ఆపేసినారు. ఈసారి నేను చెప్పినాకే ఆపాల." సరేనన్నాను.

తిరుగు బస్సులో సంచిని ఒళ్లో పెట్టుకున్నాను. ఏముందందులో అని కండక్టరు అడిగితే ఇంజిన్ ముక్కన్నాను. "లగేజీ కొట్టాల, సరే పోనీ" అని వెళ్లిపోయాడు. గూడూరు దాకా వాన కొడుతూనే ఉంది. చీరకంటిన ఆయిలు మరక ఇప్పటికీ పోలేదు.

హెడ్డు అచ్చంగా సరిపోయింది. షెడ్డు ఖాళీ చెయ్యాల్సిన వారంలో, ఆదివారం చర్చి కాగానే, మస్తాన్ భాయ్ డీజిల్ పోసి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఇంజిన్ వేడెక్కకుండా నీళ్లు తిరిగే ఏర్పాటు కారుకి ఇంకా కాలేదు, బకెట్టుతో పోస్తూ ఉండాల్సిందే. నేను కామాక్షమ్మకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి ముందు సీటు మీద ఉంచాను, నేను కుట్టిన కవరు మీద. కొన్నిసార్లు తిప్పాక ఇంజిన్ అందుకుంది. డుబ్ డుబ్ డుబ్. పైన రేకులన్నీ అదిరాయి, షెడ్డంతా నల్లటి పొగ కమ్మింది. మస్తాన్ భాయ్ కళ్లు తుడుచుకున్నాడు, పొగకి అన్నాడు. ఇదేనా ఆయన వినాలనుకున్నది అనుకున్నాను. వింటున్నది నేను, వినాల్సినవాడు లేడు. గెలిచినట్టు ఉంటుందనుకున్నాను, అలా లేదు. ఆయన పోయాడన్నది ఏడాది తర్వాత ఆ నిమిషంలో నాకు పూర్తిగా తెలిసింది.

ఫోన్లోంచి చప్పుడు లేదు. బకెట్లు అయిపోతున్నాయి. "ఏడెక్కిపోతా ఉండాది వదినా, ఆపకపోతే హెడ్డు పగల్తాది" అని మస్తాన్ భాయ్ అరిచాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె ఇంకా చెప్పలేదు. అతను కుళాయి దగ్గరికి పరిగెత్తాడు, మళ్లీ పోశాడు, మళ్లీ పరిగెత్తాడు. ఫోన్ చెవికి ఆనించుకున్నాను. చాలాసేపటికి ఆమె గొంతు వినబడింది.

"అక్కా, సద్దు ఇంటానే లేసి పొయ్యి కాడికి పోయినా. చేతిలో ఎసరు గిన్నె ఉండాది."

ఇంజిన్ మోగుతూనే ఉంది. కాసేపయ్యాక మళ్లీ అంది. "గిన్నె దించేసినాలే. ఇంక ఆపు."

ఆపాను. నా చేత్తోనే ఆపాను.

కారుని పాత ఇనుముకి వెయ్యలేదు. మస్తాన్ భాయ్ వాళ్ల పెరట్లో ఒక రేకు కింద చోటిచ్చారు. నలుగురం తోసుకుంటూ తీసుకెళ్లాం. మొహం రోడ్డు వైపు పెట్టాలా అని ఆయన అడిగితే, వద్దు, ఇంటివైపు తిప్పి పెట్టమన్నాను. నడవని బండికి ఆయిలెందుకు దండగ అని మా చెల్లెలు సతాయిస్తుంది. నేను మాత్రం నెలకోసారి వెళ్లి పోసి వస్తున్నాను. చెయ్యేసి ఇంజిన్ చక్రం తిప్పి, తిరుగుతోందని చూసుకుని ఇంటికొస్తాను. ఆ కారు ఎవరి కోసం పుట్టిందో తెలీకపోయినా ఇప్పుడు నాకు పెద్ద బాధ లేదు.

పాత ఇంజిన్ సామాను కోసం ఆ తీరానికి వెళ్లేవాళ్లకి ఒకే ఒక్క సలహా. గూడూరు నుంచి వాకాడు బస్సు పట్టుకోండి, వేట లేని రోజుల్లో వెళ్తే మనుషులు ఒడ్డునే దొరుకుతారు. పడవ మీద చెయ్యి వెయ్యకముందు, ధర అడక్కముందు, అది ఎటు తిరిగి ఉందో చూడండి. ఊరివైపు తిరిగి ఉంటే, ముందు ఆ పడవ ఎవరిదో అడిగి, వాళ్లింటికి వెళ్లి కూర్చోండి.